ఆ గీతలో ‘నేను’ ఎవరిది?

2007 జనవరిలో మెల్ బ్యాగ్స్ అనే ఆటిస్టిక్ అమెరికన్ యూట్యూబ్‌లో ఎనిమిదిన్నర నిమిషాల వీడియో ఒకటి పెట్టారు. పేరు ‘ఇన్ మై లాంగ్వేజ్’, అంటే ‘నా భాషలో’. మొదటి మూడు నిమిషాల్లో ఒక్క మాట కూడా ఉండదు. కిటికీ ముందు ఊగడం, చేతులు ఆడించడం, పుస్తకానికి ముఖం ఆనించడం, చేతికందిన వస్తువుతో గీరి చప్పుడు చేయడం, వీటన్నిటి వెనక ఆగకుండా సాగే ఒక కూనిరాగం. ఆ తర్వాత తెర మీద ‘అనువాదం’ అని పడుతుంది. అక్కణ్నుంచి బ్యాగ్స్ టైప్ చేసిన మాటల్ని కంప్యూటర్ గొంతు చదువుతుంది. కుళాయి ధార కింద వేళ్లు కదులుతుంటాయి. ఈ నీళ్లు దేనికీ గుర్తు కావనీ, తను నీటిని తాకుతుంటే నీరు తనను తాకుతోందనీ, ఉన్నది అంతేననీ ఆ గొంతు చెబుతుంది.

చూసిన చాలామంది రెండో సగాన్నే అసలు ఆత్మకథగా తీసుకున్నారు. మాటలొచ్చాకే కదా మనిషి కనబడింది అనుకున్నారు. బ్యాగ్స్ ఫిర్యాదు సరిగ్గా దాని మీదే. మీ భాష నేర్చుకుంటే తప్ప నన్ను మనిషిగా లెక్కపెట్టరు, నా భాష మీరు నేర్చుకోకపోతే మాత్రం ఆ లోటునూ నా ఖాతాలోనే రాస్తారు అన్నది ఆ వీడియో సారాంశం. కొన్నాళ్లకు ఇంకో గొడవ మొదలైంది. బ్యాగ్స్ చిన్నప్పుడు మాట్లాడేవారనీ, కాలేజీకి కూడా వెళ్లారనీ తెలిసి, ఇది నిజమైన ఆటిజమేనా అని కొందరు నిలదీశారు. మాట వచ్చి పోవడం, ఒకరోజు ఉండి మరోరోజు లేకపోవడం ఆటిస్టిక్ మనుషుల్లో కొత్తేమీ కాదు. అయినా చెప్పేవాళ్ల ‘నేను’ మీద అనుమానం ఎంత త్వరగా వచ్చి వాలుతుందో ఆ గొడవ చూపించింది.

ఈ వ్యాసం ఆ ‘నేను’ గురించి. న్యూరోడైవర్జెంట్ కళాకారులు తమ బతుకును బొమ్మగా, కామిక్‌గా, వీడియోగా, నూలుగా చెప్పినప్పుడు అందులో చెప్పింది వాళ్లా, పక్కనున్నవాళ్లా, లేక డాక్టరు రిపోర్టా అన్నది ఎలా తేల్చుకోవాలి?

ముందు మాటల సంగతి. ‘న్యూరోడైవర్సిటీ’ అన్నది 1990లలో ఆటిస్టిక్ మనుషులు ఇంటర్నెట్‌లో ఒకరినొకరు కలుసుకున్న రోజుల్లో పుట్టిన ఆలోచన. ఆస్ట్రేలియా సామాజిక శాస్త్రవేత్త జూడీ సింగర్ 1998 నాటి తన పరిశోధనలో ఆ మాట వాడారు. ‘న్యూరోడైవర్జెంట్’ అనే మాటను 2000 ప్రాంతంలో కాసియాన్ అససుమాసు అనే ఆటిస్టిక్ కార్యకర్త తెచ్చారు. మొదటిది గుంపుకు చెందిన లక్షణం: మనుషుల మెదళ్లు రకరకాలుగా ఉంటాయి. రెండోది మనిషికి చెందినది: ఈ మనిషి మెదడు సమాజం మామూలు అనుకునే దారిలో నడవదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవకపోవడం), డిస్‌లెక్సియా (చదవడం, రాయడం కష్టం కావడం), టూరెట్ (తమకు తెలియకుండానే వచ్చే కదలికలు, శబ్దాలు) వంటివన్నీ ఈ గొడుగు కిందికే వస్తాయి. ఇది రోగనిర్ధారణ కాదు, ఏ డాక్టరూ చీటీ మీద ఈ మాట రాయరు. తెలుగులో ‘నాడీ వైవిధ్యం’ అని కొందరు వాడుతున్నారు గానీ, ‘నాడీ’ అనగానే మనవాళ్ల చెవికి నరాల బలహీనత వినిపిస్తుంది. అరువు మాటే మేలు.

తెలుగు వ్యాకరణంలోనే ఒక మంచి ఆధారం ఉంది. ‘నాకు జ్వరం’ అంటాం, ‘నేను ఎడమచేతివాటం మనిషిని’ అంటాం. మొదటిది వచ్చి పోయేది, రెండోది నేనే. ‘మా బాబుకి ఆటిజం ఉంది’ అని తల్లి చెబుతుంది. పాతికేళ్ల వయసులో అదే బాబు ‘నేను ఆటిస్టిక్‌ని’ అంటాడు. ఈ ‘కు’ నుంచి ‘ని’ దాకా జరిగిన ప్రయాణమే ఐడెంటిటీ అని పిలిచేది. తల్లి మాట తప్పు కాదు, ఆమె తన వైపు నుంచి చెబుతోంది. కాకపోతే ఆమె వాక్యాన్ని అతని బొమ్మ కింద శీర్షికగా పెడితే ఆ బొమ్మ అతని ఆత్మకథగా మిగలదు.

రెండు వైపులా అనుమానం

1986లో టెంపుల్ గ్రాండిన్ తన ఆత్మకథ తెచ్చినప్పుడు నరాల వైద్యుడు ఆలివర్ శాక్స్ మొదట నమ్మలేకపోయారు. తనను తాను చూసుకోవడం, గతాన్ని తలపోయడం ఆటిస్టిక్ మనసుకు చేతకాదని అప్పటి వైద్యం అనుకునేది కాబట్టి, రాసింది సహరచయిత అయి ఉంటుందని అనుమానించారు. గ్రాండిన్ ఇతర రచనలు చదివాక, స్వయంగా కలిశాక ఆ అనుమానం పోయిందని ఆయనే రాశారు. అంతకు ముందటి ఏడాది, 1985లో, లండన్‌లో సైమన్ బారన్-కోహెన్ బృందం ఆటిస్టిక్ పిల్లలకు ఎదుటివారి మనసును ఊహించడం కష్టమని ఒక బొమ్మలాట పరీక్షతో చెప్పింది. ఆ ముద్ర చాలాకాలం పోలేదు. 2012లో డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు ఈ లెక్కను తిరగేశారు: అర్థం కాకపోవడం ఒకవైపే లేదు, రెండు వైపులా ఉంది. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎనిమిదేసి మంది వరసగా ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చేరవేశారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరసలోనూ, ఎవరూ కాని వరసలోనూ కథ దాదాపు ఒకేలా నిలిచింది. రెండు రకాలవాళ్లూ కలిసిన వరసలోనే ఎక్కువగా జారిపోయింది. ఇలాంటి కళను చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. మనకు అర్థం కాకపోతే లోపం బొమ్మలోనే ఉందని తేల్చేయకూడదు.

రెండో వైపు అనుమానం, అంటే సాయం చేసేవాళ్ల చేయే మాట్లాడుతోందేమో అన్నది మాత్రం అవసరమైనది, ఇక్కడ మొహమాటం పనికిరాదు. మాటరాని వ్యక్తి చేతినో మోచేతినో సహాయకులు పట్టుకుని అక్షరాలు టైప్ చేయించే పద్ధతి ఒకటి 1990లలో అమెరికాలో బాగా వ్యాపించింది. పేరు ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్. ఇళ్లలో ఆనందం పొంగింది, కవితలు వచ్చాయి, ఆత్మకథలు వచ్చాయి. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని ఓ.డి. హెక్ కేంద్రంలో పరీక్ష పెట్టారు. టైప్ చేసే వ్యక్తికి ఒక బొమ్మ, సహాయకులకు మరో బొమ్మ చూపించారు, ఎవరికి ఏది కనబడిందో రెండోవారికి తెలియదు. 180 ప్రయత్నాల్లో ఒక్కటీ సరైన జవాబు రాలేదు. సహాయకులు చూసిన బొమ్మ పేరే టైప్ అవుతూ వచ్చింది. వాళ్లు మోసం చేయలేదు, తమ చేయి తోస్తోందని వాళ్లకే తెలియదు. సహాయకులు పలకను గాలిలో పట్టుకుంటే వ్యక్తి అక్షరాలు చూపించే ర్యాపిడ్ ప్రాంప్టింగ్ పద్ధతి కూడా ఇలాంటి పరీక్షకు నిలిచిన దాఖలా లేదు. అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో రెండింటినీ వాడొద్దని చెప్పింది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. సహాయం చేసేవారిని గది బయట ఉంచి, పిల్లవాడికి ఒక వస్తువు ఇవ్వండి: తాళంచెవి, దువ్వెన, ఉల్లిపాయ, ఏదైనా. వస్తువు దాచేశాక సహాయకులను పిలిచి, ఏం చూశావని టైప్ చేయమనండి. రోజుకు రెండు మూడుసార్లు మించకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడు, కొన్ని రోజులపాటు చేయండి. ఒకటి తప్పితే అర్థమేమీ లేదు. అన్నీ తప్పితే ఆ ఆత్మకథ ఎవరిదో తెలిసినట్టే. అప్పుడు పిల్లవాడిలో ఏమీ లేదని కాదు, ఈ దారిలో అతను రావడం లేదని. బల్ల మీద నిలకడగా పెట్టిన పలక, ట్యాబ్‌లో బొమ్మలు నొక్కితే పలికే చెన్నైవాళ్ల ఆవాజ్ వంటి యాప్, తన వేలితో తనే చూపించే బొమ్మల చార్టు, ఇవన్నీ సహాయకుల చేయి తాకనివి. నెమ్మదిగా వస్తాయి, తక్కువ మాటలు వస్తాయి. వచ్చిన రెండు మాటలూ మాత్రం ఆ మనిషివే.

మాటే లేనప్పుడు

జూడిత్ స్కాట్ 1943లో ఒహాయోలో కవల పిల్లగా పుట్టారు. డౌన్ సిండ్రోమ్. ఏడేళ్లప్పుడు ఇంటికి దూరంగా ప్రభుత్వ సంస్థలో చేర్చారు, ముప్ఫై అయిదేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. ఆమెకు చెవులు వినబడవన్న సంగతే చాలాకాలం ఎవరూ గుర్తించలేదు, జవాబు చెప్పకపోవడాన్ని బుద్ధిమాంద్యం కింద రాసేశారు. 1980ల మధ్యలో కవల సోదరి జాయిస్ ఆమెను కాలిఫోర్నియాకు తెచ్చుకున్నారు. 1987 నుంచి ఓక్‌లాండ్‌లోని క్రియేటివ్ గ్రోత్ అనే స్టూడియోకు వెళ్లారు. మొదట్లో రంగులూ కుంచెలూ ఆమెకు పట్టలేదు. ఆ తర్వాత నూలు దొరికింది. దొరికిన వస్తువుల్ని, ఒక్కోసారి పక్కవాళ్లవి కూడా తీసుకుని, లోపల పెట్టి, చుట్టూ దారం చుట్టి, ముడేసి, మళ్లీ చుట్టేవారు. 2005లో చనిపోయేలోపు అలాంటివి రెండు వందల దాకా చేశారు.

వాటి గురించి రాసినవాళ్లలో చాలామంది కవలల జంటను చూశారు, పట్టుగూడును చూశారు, దాచిన బాధను చూశారు. కావచ్చు. ఆమె మాత్రం ఒక్క మాటా చెప్పలేదు, రాయలేదు. అలాంటప్పుడు ‘ఇది తన కవల గురించి’ అని రాయడం చూసినవాళ్ల కథ. కానీ మనకు చేతకానిదల్లా వాటి అర్థం చెప్పడమే. తన నిర్ణయాలు వస్తువులోనే కనబడతాయి: ఏ రంగు ఎప్పుడు మార్చారు, ఏ వస్తువును పూర్తిగా మూశారు, దేని కొస బయటకు వదిలారు, పని అయిపోయిందని ఎప్పుడు పక్కకు తోశారు. అయిపోయిందని తేల్చింది ఎవరు అన్న ప్రశ్నకు ‘ఆమె’ అని జవాబు వస్తే చాలు, ఆ పనిలో ‘నేను’ ఉన్నట్టే. మా లెక్కలో అన్నిటికన్నా గట్టి కొలత అదే.

2025 డిసెంబరులో సమకాలీన కళకు బ్రిటన్ ఇచ్చే టర్నర్ బహుమతి నెనా కలూకు వచ్చింది. మాటలు చాలా తక్కువగా ఉన్న ఆటిస్టిక్ కళాకారిణి. 1999 నుంచి లండన్‌లోని యాక్షన్‌స్పేస్ అనే సంస్థ తోడుగా ఉంది. పాత వీడియో టేపు, బట్ట, ప్లాస్టిక్ పొర, అంటించే టేపు పొరలు పొరలుగా చుట్టి వేలాడదీసే పెద్ద రూపాలు ఆమెవి. కాగితం మీద సుడులు గీస్తే ఒకేలాంటివి రెండు, మూడు గీస్తారు. చేయి ఎంత దూరం వెళ్లగలదో సుడి అంత వెడల్పు. దాన్ని ఆత్మకథ అనొచ్చా? జీవితంలో జరిగినవాటిని వరసగా చెప్పడమే ఆత్మకథ అనుకుంటే కాదు. ఒక ఒంటి పొడవు, దాని లయ, దాని ఓపిక కాగితం మీద దిగడమూ ఆత్మకథే అనుకుంటే, అంతకన్నా నిజాయితీ ఉన్నది దొరకడం కష్టం.

చేయడానికి కూర్చున్నప్పుడు

ఇక మాటలుండి, తన బతుకు గీయాలనుకునేవాళ్ల సంగతి. ‘నీ జీవితం గీయి’ అనగానే చేయి ఆగిపోతుంది. ఒక ఇల్లు, ఒక రోజు చాలు. ఏ3 కాగితం మీద ఇంటి నక్షా గీయండి. దాని మీద ట్రేసింగ్ కాగితాలు మూడు: ఉదయం 7, మధ్యాహ్నం 1, రాత్రి 8. ఒక్కో దాని మీద ఆ వేళ ఇంట్లో వినబడేవి, వాసన వచ్చేవి, ఒంటికి తగిలేవి గుర్తు పెట్టాలి. మిక్సీ, కుక్కర్ విజిల్, ఇన్వర్టర్ కూత, పోపు ఘాటు, చొక్కా కాలరు వెనక గుచ్చే లేబులు. గీత మందం చప్పుడుకు, రంగు ఇష్టాయిష్టాలకు. గుర్తులు అయిదారు మించొద్దు, మించితే పెట్టినవాళ్లే మరిచిపోతారు. ఏ రంగు దేనికో గీసేవారే ముందు తేల్చుకోవాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే: పక్కన కూర్చున్నవాళ్లు ‘ఎరుపంటే కోపం కదా’ అని అందిస్తారు. ఆ పిల్లకు ఎరుపు అమ్మమ్మ దుప్పటి కావచ్చు. మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పరిస్తే, ఇంట్లో ఏ మూల రోజంతా ఖాళీగా, ప్రశాంతంగా ఉందో కనబడుతుంది. చాలాసార్లు కథ ఆ మూల నుంచే మొదలవుతుంది.

‘అప్పుడు నీకెలా అనిపించింది’ అని అడగొద్దు. ఆటిస్టిక్ మనుషుల్లో దాదాపు సగం మందికి తమ భావాలకు పేరు పెట్టడం కష్టం. ఎక్కడ అనిపించింది, ఎంత బరువు, కదులుతోందా, అప్పుడు చేతులు ఏం చేస్తున్నాయి అని అడిగితే బొమ్మ వస్తుంది. తట్టుకోలేక కుప్పకూలిన రోజునే దాన్ని గీయించొద్దు. వేళ, చోటు, ఒక గుర్తు, ఇవి రాసుకుంటే చాలు. గీయడం ఒంటికి ఓపిక తిరిగొచ్చాక.

పొడవైన పుస్తకం పెట్టుకుంటే, ముఖ్యంగా ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు, మొదటి రెండు పేజీలు నాలుగు రాత్రులు కూర్చుని అద్భుతంగా గీసి అక్కడ ఆపేస్తారు. అందుకే ఒక్క ఏ4 కాగితంతో ఎనిమిది పేజీల చిట్టిపుస్తకం మంచిది. మామూలు జిరాక్స్ కాగితం, 75 నుంచి 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు). అడ్డంగా పెట్టి, నాలుగేసి గళ్ల వరసలు రెండు, ఒకదాని కింద ఒకటి వచ్చేలా మడిచి విప్పాలి. మధ్య అడ్డ మడతలో నడిమి రెండు గళ్ల మేరకే కత్తిరించాలి, అంటే 15 సెంటీమీటర్ల లోపు. కింది వరసలో కుడి చివరి గడి ముందు అట్ట. దాని పై గడి రెండో పేజీ, అక్కణ్నుంచి ఎడమకు 3, 4, 5. పై వరసంతా తలకిందులుగా గీయాలి. కింది వరసలో ఎడమ నుంచి 6, 7, ఆ పక్కది వెనక అట్ట. అంచుల్లో 5 మిల్లీమీటర్లు వదలకపోతే జిరాక్స్ మిషన్ తినేస్తుంది. మడతకు లోపలి వైపు అక్షరాలు పెడితే చదవడం కష్టం. మొదట పేజీకి 5 నిమిషాల చొప్పున, పుల్లల బొమ్మలతో, 40 నిమిషాల్లో ఎనిమిదీ పూర్తి చేయాలి. నచ్చిన పేజీలను తర్వాత మళ్లీ గీసుకోవచ్చు. ముందు ముగింపు దాకా వెళ్లిన కాగితం ఒకటి చేతిలో ఉండాలి.

డిస్‌లెక్సియా ఉన్నవాళ్లు మాటల్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని తర్వాత రాసుకోవచ్చు. వ, మ, ప, ష తారుమారైనా, ఒత్తు జారినా, దిద్దే ముందు అడగాలి. దిద్దమంటే దిద్దాలి, వద్దంటే అలాగే అచ్చు వేయాలి. సహాయకులు చేసే పెద్ద తప్పు ఇంకొకటుంది, చివరి పేజీ. ‘చివర్లో కాస్త ఆశగా ఉంటే బాగుంటుంది’ అంటారు. ఎనిమిదో పేజీ ఖాళీగా వదిలినా, మళ్లీ మొదటి బొమ్మే వేసినా అది గీసినవారి ఇష్టం. సాయం ఏం చేశారో సహాయకులు తేదీతో ఒక చిట్టాలో రాసుకోవాలి: ‘టేపు కోసిచ్చాను, కాగితం పట్టుకున్నాను, రంగు నేను ఎంచలేదు.’ ఆ చిట్టా తర్వాత బోలెడు వాదనలను తీరుస్తుంది.

సర్టిఫికెట్‌లో ఉన్న మనిషి

మన దేశంలో ఆటిజాన్ని కొలిచే ప్రభుత్వ కొలమానం ఇసా (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం). 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేదంటారు, 153 దాటితే తీవ్రమంటారు. చూపు కలపకపోవడం, అదే కదలికను పదేపదే చేయడం, నిర్జీవ వస్తువులతో మమకారం, ఇవన్నీ అందులో మార్కులు పెంచే అంశాలే. బ్యాగ్స్ వీడియో మొదటి మూడు నిమిషాలను ఈ కాగితంతో కొలిస్తే అన్నీ లోపాల లెక్కే. అదే మూడు నిమిషాలు బ్యాగ్స్‌కు భాష. రెండూ ఒకే మనిషి గురించే, పని వేరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. రిజర్వేషన్ వంటివి కావాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి, అలా తేలాలంటే రానివన్నీ చెప్పాలి. కాబట్టి కళ ఫైలునూ సర్టిఫికెట్ ఫైలునూ కలపకండి. ‘ఇంత బాగా గీస్తోంది, ఇంక ఇబ్బందేముంది’ అనే మాట ఒక్కటి చాలు, అవసరమైన సాయం చేజారడానికి. అటువైపు ‘ఆటిజం పిల్ల వేసిన బొమ్మ’ అన్న శీర్షిక ఒక్కటి చాలు, బొమ్మను ఎవరూ చూడకపోవడానికి.

గోడకెక్కించే ముందు

పేరు, డయాగ్నసిస్, ముఖం: మూడింటికీ మూడు వేర్వేరు అనుమతులు. ఒకదానికి సరే అంటే మిగతా రెండింటికీ సరే అన్నట్టు కాదు. మాటల్లో అడిగితే సరిపోదు, పోస్టరు నమూనా వేసి చూపించి అడగాలి, వారం ఆగి మళ్లీ అడగాలి. రెండు జవాబులూ కలవకపోతే వద్దనే లెక్క. మాట లేనివాళ్లు కాగితాన్ని నెట్టేయడం, ముఖం తిప్పేయడం, గోడ మీంచి పీకేయడం కూడా జవాబే. ‘అక్కకు సంబంధాలు చూస్తున్నాం, పేరు పెట్టొద్దు’ అని ఇంట్లోవాళ్లు అనే సందర్భం మన ఊళ్లలో తప్పకుండా వస్తుంది. అప్పుడు కలం పేరు పెట్టండి, బొమ్మను మార్చకండి. చిన్నపిల్లలు తట్టుకోలేక ఏడ్చి పొర్లుతున్న వీడియో పెట్టడం ఏ పేరుతోనైనా ఆ పిల్లల ఆత్మకథ కాదు. పెద్దయ్యాక దాన్ని వెనక్కి తీసుకునే దారి వాళ్లకు ఉండదు.

శీర్షికలో మొదటి వరస పని గురించి ఉండాలి: ఏమిటి, దేనితో, ఎంత కొలత, ఏ సంవత్సరం. డయాగ్నసిస్ ఉండాలా వద్దా అన్నది గీసినవారి ఇష్టం, ఉంటే వాళ్ల మాటల్లోనే. సాయం చేసినవారి పేరు, వాళ్లు చేసింది చివరి వరసలో.

గదిలో పాత చోక్‌తో నడిచే ట్యూబులైట్లుంటే తీసేయించండి. అవి సెకనుకు వంద సార్లు మినుకుతాయి, చాలామందికి తెలియదు, కొందరికి తలనొప్పి. ప్రదర్శన జరిగే రోజుల్లో రోజుకో గంట మైకు, సంగీతం లేకుండా ఉంచండి, కూర్చోడానికి గోడవైపు తిప్పిన కుర్చీలు రెండు వేయండి. ప్రారంభ సభలో జ్యోతి వెలిగించాక శాలువా కప్పడం మన అలవాటు. కళాకారులకు ఒంటి మీద హఠాత్తుగా గుడ్డ పడటం, చెవి పక్కనే చప్పట్లు ఇష్టమో కాదో రెండు రోజుల ముందే అడగండి. కప్పొద్దంటే మడతపెట్టి వాళ్ల ముందు బల్ల మీద పెట్టండి, తీసుకోవాలనిపించినప్పుడు తీసుకుంటారు.